పాయింట్లు తక్కువ, విలువ ఎక్కువ: రొటోరువా కుర్రాడి కథలో మన పాఠం

టౌరంగా (న్యూజిలాండ్): టౌరంగా అనగానే మన తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేది కేన్ విలియమ్సన్. ఇక్కడే పుట్టి, ఇక్కడి బాయ్స్ కాలేజీలో చదువుకుని, 2018లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌ను ఐపీఎల్ ఫైనల్ దాకా నడిపించిన ఈ పెద్దమనిషిని మన కుర్రకారు ‘కేన్ మామ’ అని పిలుచుకుంది. ఊరిని ఆనుకుని ఉన్న మౌంట్ మాంగనూయిలో బే ఓవల్ మైదానం కూడా మనకు కొత్త కాదు. పృథ్వీ షా జట్టు 2018 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాను ఓడించి అండర్-19 ప్రపంచ కప్ అందుకున్నది అక్కడే. ఇంటి నుంచి ఎవరు ఫోన్ చేసినా మేము ఈ రెండు ముక్కలూ చెప్పి గర్వపడుతుంటాం.

అయితే ఇదే ఊరి నుంచి దక్షిణంగా గంటసేపు కారు నడిపితే రొటోరువా వస్తుంది. చుట్టాలు వస్తే వేడినీటి బుగ్గలు చూపించడానికి తీసుకెళ్తాం కదా, ఆ ఊరే. కారు అద్దం దించగానే గంధకం వాసన కొడుతుంది. ఆ ఊళ్లో పుట్టిన ఒక కుర్రాడు 2016లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో నాలుగేళ్లకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అప్పటి లెక్కన 650 కోట్ల రూపాయల పైమాటే. న్యూజిలాండ్ చరిత్రలో అంత పారితోషికం అందుకున్న క్రీడాకారుడు అప్పటిదాకా లేడు. పేరు స్టీవెన్ ఆడమ్స్. మనవాళ్లలో నూటికి తొంభై మందికి ఈ పేరు తెలియదంటే అతిశయోక్తి కాదేమో. నిజం చెప్పాలంటే ఇక్కడికి వచ్చిన రెండేళ్ల దాకా మాకూ తెలియదు.

మాకు చెప్పింది సైట్‌లో పనిచేసే కుర్రాళ్లు. ఇక్కడ పది గంటలకు టీ విరామం ఇస్తారు, దాన్ని ‘స్మోకో’ అంటారు. ఆ పావుగంటలో మావోరీ కార్పెంటర్లు, టోంగా నుంచి వచ్చిన కూలీలు రగ్బీ తర్వాత ఎక్కువగా మాట్లాడుకునేది ఆడమ్స్ గురించే. ‘మనోడు నిన్న ఎన్ని రీబౌండ్లు పట్టాడు?’ అని ఒకడు, ‘మోకాలు ఎలా ఉందట?’ అని ఇంకొకడు. ఎన్ని పాయింట్లు వేశాడని మాత్రం ఎవరూ అడగరు. మాకు ఆశ్చర్యంగా ఉండేది. ఆ ఆశ్చర్యం వెంట పోయి తెలుసుకున్నదే ఈ వ్యాసం. ఇందులో ఆట సంగతి కొంతే. పని సంగతి, ఒంటి సంగతి, పిల్లల సంగతి ఎక్కువ.

పద్దెనిమిది మందిలో చివరివాడు

ఆడమ్స్ 1993 జులై 20న రొటోరువాలో పుట్టాడు. తండ్రి సిడ్ ఆడమ్స్ ఇంగ్లండ్ మనిషి, నౌకాదళంలో పనిచేసి ఇక్కడ స్థిరపడ్డాడు. తల్లిది టోంగా. సిడ్‌కు మొత్తం 18 మంది సంతానమని, వాళ్లలో స్టీవెన్ చివరివాడని చెబుతారు. షాట్‌పుట్‌లో 2008 బీజింగ్, 2012 లండన్ ఒలింపిక్స్ స్వర్ణాలు గెలిచిన వాలెరీ ఆడమ్స్ అతనికి అక్క. తండ్రి ఒకరే, తల్లులు వేరు. లండన్‌లో మొదట ఆమెకు దక్కింది రజతమే. మొదటి స్థానంలో నిలిచిన బెలారస్ క్రీడాకారిణి డోపింగ్‌లో దొరికిపోవడంతో స్వర్ణం ఈమె చేతికి వచ్చింది. 2017లో ప్రభుత్వం ఆమెకు ‘డేమ్’ బిరుదు ఇచ్చింది. ఇంకో అక్క లీసా టోక్యో పారాలింపిక్స్‌లో షాట్‌పుట్ స్వర్ణం గెలిచింది. ఒకే ఇంట్లో ఇంతమంది ఆటగాళ్లంటే అది రక్తంలో ఉందని తేల్చేయడం తేలిక. కానీ స్టీవెన్ సంగతి అంత తేలికగా సాగలేదు.

2007లో తండ్రి కడుపు క్యాన్సర్‌తో చనిపోయాడు. అప్పటికి స్టీవెన్‌కు 13 ఏళ్లు. ఇంటికి దూలం విరిగినట్టయింది. బడి మానేశాడు. ఊళ్లో తిరగడం, చెడు సావాసాలు. ఆ వయసులో తండ్రి పోయిన పిల్లాడు ఎటు పోతాడో మన ఊళ్లలోనూ చూశాం. పదమూడేళ్లకే సిమెంటు బస్తాలు మోసిన పిల్లల్ని మేము ఉద్యోగం మొదలుపెట్టిన రోజుల్లో హైదరాబాద్ శివార్లలోని సైట్లలో చూశాం. వాళ్లలో ఎవరు ఎంత ఎత్తు పెరిగేవాళ్లో, ఎవరిలో ఏముందో అడిగినవాడు లేడు.

అందుకున్న చేతులు

స్టీవెన్‌ను అడిగినవాడు ఉన్నాడు. పెద్దన్న వారెన్ అతన్ని రొటోరువా నుంచి దాదాపు 450 కిలోమీటర్ల దూరంలోని వెల్లింగ్టన్‌కు తీసుకెళ్లాడు. అక్కడ కెన్నీ మెక్‌ఫాడెన్ అనే కోచ్ ఉండేవాడు. ఈయనా వలస మనిషే. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం నుంచి 1982లో వెల్లింగ్టన్ సెయింట్స్ జట్టుకు ఆడటానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. ఆట మానేశాక పిల్లలకు తెల్లవారుజామునే శిక్షణ ఇచ్చేవాడు. బ్లాసమ్ కామెరాన్ అనే మహిళ స్టీవెన్ ఆలనాపాలనా చూసింది. కన్నతల్లి కాదు, మేనత్తా కాదు. అయినా ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టి, బడికి పంపింది. స్కాట్స్ కాలేజీలో సీటు దొరికింది. బడికి వెళ్తేనే ఆట, లేకపోతే లేదు అన్నది షరతు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. బతుకు గాడి తప్పిన పిల్లాడిని నిలబెట్టడానికి ఎవరెవరు కావాల్సి వచ్చారు? ఒక అన్న, ఒక కోచ్, నీడనిచ్చిన ఒక మహిళ, తలుపు తీసిన ఒక బడి. వీళ్లలో ఒక్కరు లేకపోయినా ఎన్‌బీఏ కథ లేదు. మెక్‌ఫాడెన్ 2022లో కన్నుమూశాడు. ఆయన మీద ఆడమ్స్‌కు ఎంత గౌరవమో చెప్పడానికి మాటలు అక్కర్లేదు. ఆడమ్స్ సొంతూరికి వచ్చినప్పుడల్లా పిల్లలకు ఉచితంగా శిక్షణ శిబిరాలు పెడుతూ వచ్చాడు. తీసుకున్నది తిరిగి ఇవ్వడం అంటే అదే.

2011లో ఆడమ్స్ వెల్లింగ్టన్ సెయింట్స్ తరఫున దేశవాళీ లీగ్ ఆడి, ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికయ్యాడు. అమెరికా కాలేజీలో ఆడే అర్హత పోకూడదని జీతం తీసుకోకుండానే ఆడాడు. తర్వాత మసాచుసెట్స్‌లోని ఒక ప్రిపరేటరీ స్కూల్‌లో కొన్నాళ్లు చదివి, 2012లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో చేరాడు. మన పిల్లలు ఎంఎస్‌కు ఐ-20 పట్టుకుని వెళ్లిన దారే ఇది. తేడా ఒక్కటే. మనవాళ్లు జీఆర్‌ఈ మార్కులతో వెళ్తే, అతను 211 సెంటీమీటర్ల ఎత్తుతో వెళ్లాడు.

పిట్స్‌బర్గ్‌లో అతని సగటు మ్యాచ్‌కు 7.2 పాయింట్లు. గొప్ప లెక్కేం కాదు. అయినా 2013 జూన్ 27న జరిగిన ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఓక్లహామా సిటీ థండర్ జట్టు 12వ పిలుపుతో అతన్ని తీసుకుంది. న్యూజిలాండ్ నుంచి తొలి రౌండ్‌లో ఎంపికైన మొదటివాడు ఇతనే. అంతకుముందు 1998లో ఆక్లండ్ కుర్రాడు షాన్ మార్క్స్ 44వ స్థానంలో ఎంపికై, ఎన్‌బీఏలో ఆడిన తొలి న్యూజిలాండర్‌గా పేరు తెచ్చుకున్నాడు. అదే మార్క్స్ 2016లో బ్రూక్లిన్ నెట్స్ జట్టుకు జనరల్ మేనేజర్ అయ్యాడు.

లెక్కల్లోకి రాని పని

ఇప్పుడు అసలు ప్రశ్న. తొలి సీజన్‌లో 81 మ్యాచ్‌లు ఆడి సగటున 3.3 పాయింట్లు మాత్రమే వేసిన మనిషికి మూడేళ్లకే పది కోట్ల డాలర్లు ఎందుకిచ్చారు?

జవాబు అతను చేసే పనిలో ఉంది. బాస్కెట్‌బాల్‌లో బంతిని బుట్టలో వేసేవాడిని అందరూ చూస్తారు. వాడికి దారి ఇచ్చేది ఎవరు? ఎదురు జట్టు ఆటగాడి దారిలో గోడలా నిలబడి, తనవాడు ఖాళీగా బయటపడేలా చేసేవాడు. దీన్ని ‘స్క్రీన్’ పెట్టడం అంటారు. గుద్దించుకోవడం అతని వంతు, చప్పట్లు రెండోవాడి వంతు. అలాగే తన జట్టు వేసిన బంతి బుట్టలో పడకుండా తిరిగొస్తే, నలుగురు బలమైనవాళ్లను వీపుతో నెట్టి ఆ బంతిని పట్టుకుని మళ్లీ అవకాశం ఇవ్వడం. దీన్ని అఫెన్సివ్ రీబౌండ్ అంటారు. పోయిందనుకున్న పనిని మళ్లీ చేతికి తెచ్చివ్వడమన్నమాట. 2021-22 సీజన్‌లో మెంఫిస్ గ్రిజ్లీస్ తరఫున ఆడమ్స్ మ్యాచ్‌కు 4.6 చొప్పున ఇలాంటి రీబౌండ్లు పట్టి లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచాడు. ఆ ఏడాది మెంఫిస్ 82 మ్యాచ్‌లకు 56 గెలిచింది.

మా పనిలో ఉన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇల్లు పూర్తయ్యాక వచ్చినవాళ్లు టైల్స్ బాగున్నాయంటారు, వంటగది బాగుందంటారు. సెంట్రింగ్ బాగా కట్టారని, పునాదిలో రాడ్లు సరిగ్గా వేశారని ఎవరైనా మెచ్చుకోగా విన్నారా? సెంట్రింగ్ చెక్కలు ఊడదీశాక అవి ఉన్న గుర్తు కూడా మిగలదు. అయితే అవి సరిగ్గా లేకపోతే స్లాబే నిలవదు. సీప్ రాసి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి వచ్చిన మాలాంటివాళ్లను ఇంజినీర్లు ఇంజినీర్లుగా చూడరు, మేస్త్రీలు మేస్త్రీలుగా చూడరు. మధ్యలో ఉంటాం. రెండు వైపులా గుద్దించుకుంటాం. స్మోకోలో ఆడమ్స్ రీబౌండ్లు ఎందుకు లెక్కపెడతారో మాకు అప్పుడు అర్థమైంది. తమలాంటి పని చేసేవాడికి ఒక్కచోటైనా సరైన వెల కట్టారన్న తృప్తి అది.

ఓక్లహామాలో కెవిన్ డ్యూరాంట్, రసెల్ వెస్ట్‌బ్రూక్‌ల వంటి తారల పక్కన అతను నిలబడ్డాడు. 2016 వెస్టర్న్ ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద 3-1 ఆధిక్యంలో ఉండి కూడా ఆ జట్టు 3-4తో ఓడిపోయింది. ఆ సిరీస్‌లోనే డ్రేమండ్ గ్రీన్ కాలు ఆడమ్స్‌కు తగలరానిచోట తగిలి అమెరికా అంతా గోల అయింది. ఆడమ్స్ మాత్రం తిరిగి తిట్టలేదు, తిరిగి తన్నలేదు. లేచి తన పని చేసుకున్నాడు. ఆ వేసవిలో డ్యూరాంట్ వెళ్లిపోయాడు. ఆడమ్స్ ఉండిపోయి, 2017-18లో సగటున 13.9 పాయింట్లు, 9 రీబౌండ్లు సాధించాడు. ఏడు సీజన్ల తర్వాత 2020 నవంబరులో థండర్ అతన్ని న్యూ ఆర్లియన్స్‌కు, మరుసటి ఏడాది న్యూ ఆర్లియన్స్ అతన్ని మెంఫిస్‌కు బదిలీ చేసింది. ఎంత మంచి పనివాడైనా యజమాని చేతిలో కాగితమే అన్నది కోటీశ్వరుడికీ తప్పలేదు.

ఒక మోకాలు, రెండు కథలు

2023 జనవరిలో ఆడమ్స్ కుడి మోకాలు దెబ్బతింది. మొదట కొన్ని వారాలన్నారు. ఆ సీజన్ మొత్తం పోయింది. అక్టోబరులో ఆపరేషన్ తప్పదన్నారు. 2023-24 సీజన్ కూడా పూర్తిగా పోయింది. విచిత్రం ఏమిటంటే, అతను ఆడలేని స్థితిలో ఉండగానే 2024 ఫిబ్రవరిలో హ్యూస్టన్ రాకెట్స్ అతన్ని తీసుకుంది. ఈ మనిషి కోలుకుంటే పనికొస్తాడని నమ్మింది. ఒప్పందం గ్యారంటీ కాబట్టి జీతానికి ఢోకా లేదు. ఒకటిన్నరేళ్లకు పైగా తొందర లేకుండా మోకాలికి టైమిచ్చారు. 2024 అక్టోబరులో తిరిగి వచ్చాడు. 2025 మేలో వారియర్స్‌తో తొలి రౌండ్ ఆరో మ్యాచ్‌లో అతని ఫ్రీ త్రోల బలహీనత చూసి ఎదుటివాళ్లు కావాలనే పదే పదే ఫౌల్ చేశారు. అయినా 17 పాయింట్లు వేసి జట్టును గెలిపించాడు. ఏడో మ్యాచ్‌లో రాకెట్స్ ఓడిపోయింది, అది వేరే సంగతి. ఆ జూన్‌లో ఆ జట్టు అతనికి మరో మూడేళ్లకు 3.9 కోట్ల డాలర్లు రాసిచ్చింది. 31 ఏళ్ల వయసులో, ఆపరేషన్ అయిన మోకాలితో.

ఇక రెండో కథ. ఇది మా సైట్‌ది. చెప్పడానికి మాకు సిగ్గుగానే ఉంది.

నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు మా దగ్గర ఫ్రేమింగ్ పనిలో ఉండేవాడు. ఒక సోమవారం నిచ్చెన మీద నుంచి దిగుతూ రెండు మెట్లు జారి మోకాలు తిప్పుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. మంగళవారం కుంటుతున్నాడు. మేము చూశాం. శుక్రవారం స్లాబ్ వేయాలి, కాంక్రీటు లారీలు బుక్ అయ్యాయి, మనుషులు తక్కువ. ‘ఏం తమ్ముడూ, బాగానే ఉందా?’ అంటే, ‘బాగానే ఉందన్నా’ అన్నాడు. లేదని మాకు తెలుసు. అబద్ధమని తెలిసిన జవాబునే తీసుకుని ముందుకెళ్లాం. శుక్రవారం స్లాబ్ వేశాం. మూడు వారాలకు అతను మెట్లు ఎక్కలేకపోయాడు.

అప్పుడు గదికి వెళ్లి కూర్చుని అడిగితే చెప్పాడు. ‘అన్నా, డాక్టర్ దగ్గరికి పోతే యాక్సిడెంట్ ఫారం రాస్తరు. కంపెనీకి తెలుస్తది. పని చేయలేనోడి వీసా ఎవడు ఉంచుతడు? ఊళ్లో అప్పు పన్నెండు లక్షలుంది.’

అతని భయం పూర్తిగా పిచ్చిది కాదు. 2022లో మొదలైన అక్రెడిటెడ్ ఎంప్లాయర్ వర్క్ వీసా ఒక యజమానికి కట్టేసిన వీసా. కానీ తెలియక పడిన భయమే అందులో ఎక్కువ. న్యూజిలాండ్‌లో ఏసీసీ అనే ప్రభుత్వ ప్రమాద బీమా వ్యవస్థ 1974 నుంచి ఉంది. తప్పు ఎవరిదన్న ప్రశ్నే లేదు. ఒంటికి దెబ్బ తగిలితే వైద్యం ఖర్చులో సాయం చేస్తుంది. పనిచేసి సంపాదిస్తున్నవాడు పనికి దూరమైతే, మొదటి వారం దాటాక జీతంలో 80 శాతం ఇస్తుంది. పని దగ్గరే దెబ్బ తగిలితే ఆ మొదటి వారం యజమాని ఇవ్వాలి. వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. దెబ్బ తగిలిందని చెప్పడం వీసా నేరం కాదు. 2015 నాటి పని భద్రతా చట్టం ప్రకారం ప్రమాదాన్ని దాచడమే తప్పు. ఆ చట్టం ఊరికే రాలేదు. 2010లో పైక్ రివర్ గనిలో 29 మంది చనిపోయాక వచ్చింది. వేధించే యజమాని నుంచి బయటపడటానికి 2021 నుంచి వేరే వీసా ఏర్పాటు కూడా ఉంది.

మా తమ్ముడిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. క్లెయిమ్ ఒప్పుకున్నారు. డబ్బు వచ్చింది. కానీ మూడు వారాలు దెబ్బ మీద నడిచిన మోకాలు మళ్లీ పాతదిలా కాలేదు. ఇప్పుడు కింద నిలబడి కటింగ్ పని చేస్తున్నాడు, నిచ్చెన ఎక్కడు. ‘మీరు ఆ రోజే గట్టిగా అడిగుంటే చెప్పేవాణ్ణేమో అన్నా’ అని ఒకసారి అన్నాడు. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. మాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండు మోకాళ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి కోట్ల డాలర్లది, ఇంకోటి గంట కూలిది అని కొట్టిపారేయకండి. డాక్టర్ల స్థాయిలో, డబ్బులో తేడా ఉంటే ఉండవచ్చు. అసలు తేడా, ఒకరు ‘నొప్పిగా ఉంది’ అని చెప్పగలిగారు, ఇంకొకరు చెప్పలేకపోయారు. ఆ ధైర్యం ఇచ్చేది యజమానుల కాగితాలే కాదు, మాలాంటి పైవాళ్ల ప్రవర్తన కూడా. మన ఊళ్లలో సైట్ మీద పడిన కూలీకి చట్టం లేదని కాదు. 1996లోనే భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది, సెస్సు వసూలు చేస్తున్నారు, సంక్షేమ బోర్డులు ఉన్నాయి. కానీ పేరు నమోదు కాని వలస కూలీకి అవేమీ అందవు. ఇక్కడ అందుతుంది. అందేదాన్ని కూడా భయంతో వదులుకుంటే ఆ తప్పు ఎవరిది?

దేశం జెర్సీ గొడవ

స్మోకోలో ఆడమ్స్ గురించి పొగడ్తలే కాదు, తగాదాలూ నడుస్తాయి. ‘ఇంత పేరున్నవాడు దేశానికి ఒక్కసారైనా ఆడలేదు’ అన్నది పాత కార్పెంటర్ల మాట. నిజమే. 2014, 2019 ప్రపంచ కప్పులకు రమ్మన్నా రాలేదు. 2025 దాకా చూసినా సీనియర్ జట్టు ‘టాల్ బ్లాక్స్’ జెర్సీ వేసుకోలేదు. ఇదే టాల్ బ్లాక్స్ 2002లో ఇండియానాపొలిస్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో నాలుగో స్థానం సాధించి అందరినీ నివ్వెరపరిచింది. కెప్టెన్ పీరో కామెరాన్ ఆ టోర్నీ ఉత్తమ ఐదుగురిలో నిలిచాడు. మిగతా నలుగురిలో డిర్క్ నోవిట్స్‌కీ, మాను జినోబిలి, యావో మింగ్ ఉన్నారంటే ఆ గౌరవం ఎంతటిదో ఊహించుకోండి. ఎన్‌బీఏ మొహం చూడని మనిషి దేశం కోసం అంత చేస్తే, ఎన్‌బీఏలో ఉన్నవాడు ఏం చేశాడన్నది వాళ్ల బాధ.

రెండో వైపు మాట కూడా వినాలి. ఈ దేశంలో బాస్కెట్‌బాల్ ఆడే వయోవర్గ జట్ల పిల్లలు దేశం తరఫున వెళ్లాలన్నా సొంత జేబులోంచి పెట్టుకోవాల్సి రావడం పాత సమస్య. హైస్కూళ్లలో ఎక్కువమంది ఆడే ఆటల్లో ఇదొకటి. కానీ ప్రభుత్వ నిధులు ఒలింపిక్ పతకాలు తెచ్చే రోయింగ్ లాంటి ఆటలకు పోయినట్టు దీనికి పోవు. డబ్బులేని ఇంటి పిల్లాడిని చిన్నప్పుడు డబ్బు అడిగి, పెద్దయ్యాక దేశభక్తి అడిగితే ఎలా? పైగా ఎన్‌బీఏ ఆటగాడి కాంట్రాక్టుకు బీమా చేయించడం చిన్న సంఘాలకు తలకు మించిన భారం.

ఈ తగాదాలో మమ్మల్ని తీర్పు చెప్పమన్నారు. మేము చెప్పలేదు. సర్కారీ పాలిటెక్నిక్‌లో నామమాత్రపు ఫీజుతో చదివి, ఆ చదువు పట్టుకుని ఇంకో దేశంలో ఇళ్లు కడుతున్నవాళ్లం. ‘దేశానికి ఏం చేశావు’ అని ఇంకొకణ్ని అడిగే నోరు మాకెక్కడిది? అయితే ఒక్కటి చెప్పగలం. ఇచ్చే దారి ఒక్క జెర్సీయే కాదు. పిల్లల కోసం శిబిరం పెట్టి చెమటోడ్చడమూ ఇవ్వడమే. మనవాళ్లు ఊరి బడికి గదులు కట్టించినా, వచ్చే ఏడాది డిప్లొమా చదివే పిల్లాడికి ఫోన్‌లో దారి చెప్పినా అదీ ఇవ్వడమే.

మన పిల్లల మాట

ఇంత రాయడానికి అసలు కారణం మా ఇంట్లోనే ఉంది. మా పెద్దాడికి పదకొండేళ్లు. ఇక్కడి లెక్కన ఇయర్ 7. వయసుకు మించిన పొడుగు. బడి నుంచి వచ్చి, ‘నాన్నా, బాస్కెట్‌బాల్ జట్టులో తీసుకున్నారు’ అన్నాడు. ఫీజు, జెర్సీ, బూట్లు, వారాంతాల్లో హామిల్టన్ దాకా ప్రయాణాలు. అదే సమయానికి లెక్కల ట్యూషన్. మా ఆవిడ ట్యూషన్ అంది. వాట్సాప్‌లో అత్తయ్యగారు, ‘ఆటలు అన్నం పెడతాయా అల్లుడూ?’ అన్నారు.

ప్రశ్నలో న్యాయం ఉంది. ఎన్‌బీఏలో 30 జట్లు, జట్టుకు 15 మంది చొప్పున 450 ఉద్యోగాలు. ప్రపంచం మొత్తానికి అంతే. పంజాబ్‌లోని బల్లోకే గ్రామం నుంచి వెళ్లిన సత్నాం సింగ్‌ను 2015లో డల్లాస్ జట్టు 52వ పిలుపుతో తీసుకుంది. భారత్‌లో పుట్టి డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. దేశమంతా సంబరపడింది. కానీ అతనికి ఒక్క ఎన్‌బీఏ మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. 2021 నుంచి అమెరికా కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చన్న నిబంధన వచ్చింది కానీ, ఎఫ్-1 వీసా మీద వెళ్లే పిల్లలకు అక్కడా చిక్కులే. ఎఫ్-1 చిక్కులు మన తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా?

కాబట్టి పిల్లాణ్ని ఆడమ్స్ చేద్దామని ఎవరూ అప్పు చేయకండి. మేము చూసింది వేరే లెక్క. పీవీ సింధు పతకాల వెనక ఎవరున్నారు? తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టు సభ్యుడు, తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టిన గోపీచంద్ ఉన్నాడు. రోజూ తెల్లవారకముందే పదుల కిలోమీటర్లు తీసుకెళ్లిన ఇల్లు ఉంది. ఆడమ్స్ వెనక మెక్‌ఫాడెన్, బ్లాసమ్ ఉన్నట్టే. పతకం ఎవరికో ఒకరికి వస్తుంది. పొద్దున్నే లేవడం, పైవాడి మాట వినడం, ఓడి ఇంటికొచ్చి అన్నం తినడం, చప్పట్లు రాని పనిని కూడా శ్రద్ధగా చేయడం, ఇవి ఆడిన ప్రతి పిల్లాడికీ వస్తాయి. పరదేశంలో పెరిగే మన పిల్లలకు ఇంకోటి కూడా వస్తుంది. స్నేహితులు. ట్యూషన్‌లో మన పిల్లల పక్కన మన పిల్లలే కూర్చుంటారు. కోర్టులో మావోరీ, టోంగా, పాకెహా పిల్లలు పక్కన నిలబడతారు.

ఆడపిల్లలున్న ఇళ్లకూ ఓ మాట. 2022లో మొదలైన తౌయిహి మహిళల లీగ్‌లో మన టౌరంగాకు ‘వాయ్’ అనే సొంత జట్టే ఉంది. ఒకసారి పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. ఆట నచ్చకపోయినా, పొడుగ్గా ఉన్నానని వంగి నడిచే ఆడపిల్ల నిటారుగా నడవడం నేర్చుకుంటుంది.

మా ఇంట్లో చివరికి రాజీ కుదిరింది. ట్యూషన్ బుధవారానికి మారింది, ఆట శనివారం ఉంది. మొదటి మ్యాచ్‌లో మావాడు ఒక్క పాయింటు కూడా వేయలేదు. ఇంటికొస్తూ కారులో మొహం వేలాడేసుకుని కూర్చుంటే, ‘రీబౌండ్లు ఎన్ని పట్టావురా?’ అని అడిగాం. ‘నాలుగు’ అన్నాడు. కాసేపాగి, ‘మోకాలు కొంచెం నొప్పిగా ఉంది నాన్నా’ అన్నాడు. కారు పక్కకు ఆపి చూశాం. గీసుకుపోయింది, అంతే. కానీ చెప్పాడు. మాకు అదే చాలు అనిపించింది.

సోమవారం నుంచి సైట్‌లో ఒక అలవాటు మొదలుపెట్టాం. పొద్దున్న టూల్ బాక్స్ మీటింగ్‌లో పని చెప్పే ముందు, ఎవరికి ఎక్కడ నొప్పిగా ఉందో అడుగుతాం. మొదటి రెండు రోజులు ఎవరూ నోరు విప్పలేదు. మూడో రోజు ఒక టోంగా కూలీ నడుము పట్టేసిందన్నాడు. అతన్ని బరువు పని నుంచి తప్పించి పంపాం. ఆ రోజు పని రెండు గంటలు ఆలస్యమైంది. పైనుంచి ఫోన్ వచ్చింది, చెప్పుకున్నాం. గోడలు మరుసటి రోజు నిలబడ్డాయి.